ఫిద్దా ఇంటి గడప

సౌదీలోని యాన్బూలో పాత రేవు వెనక ఒక వీధి ఉంది. పగడపు రాయితో కట్టిన ఇళ్లు, పై అంతస్తుల్లో చెక్క కిటికీలు. ఒకప్పుడు ఓడల వ్యాపారులు కాపురమున్నవి. ఆ తర్వాత కప్పులు కూలి, పిల్లులకు తప్ప ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నాయి. మేము ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి వచ్చాక, ఆ ఇళ్లను మళ్లీ నిలబెట్టే పని మొదలైంది. దానికి ఒక షరతు ఉండేది. ఏ ఇంటి పనైనా ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లు వచ్చి చూసి, సరే అంటేనే అయినట్టు. వాళ్లు కాదంటే విప్పి మళ్లీ చేయాలి.

మా నాయన దిలావర్ ఆ పని చేసే కంపెనీలో డ్రైవరు. వీధి చివర సామాన్ల గది పక్కన మాకు ఇల్లిచ్చారు. ఆడవాళ్లు ఇళ్లు చూడడానికి వచ్చిన రోజు మా అమ్మ తాజున్నీసా టీ, ఖర్జూరాలు తీసుకెళ్లేది. నేను తట్ట పట్టుకుని వెనక నడిచేదాన్ని. పక్కింటి పిల్లల వల్ల నాకు అరబీ వచ్చింది కానీ, పెద్దల ముందు నోరు తెరిచేదాన్ని కాదు.

ఆ కంపెనీలో దేవన్న వడ్రంగి. జగిత్యాల దగ్గర ఊరు. అమ్మను చెల్లె అనేవాడు కాబట్టి నేను ఆయన్ను మామ అనేదాన్ని. కూలిన ఇళ్ల నుంచి తీసిన పాత టేకు మొద్దులను చిత్రిక పట్టి ద్వారబంధాలు చేసేవాడు. పని చేస్తున్నంతసేపూ చెక్కను తిడుతూ ఉండేవాడు. పని అయ్యాక మా మెట్ల మీద కూర్చుని, నాయనకు ఆ రోజు చెక్క ఏమేం చేసిందో చెప్పేవాడు.

ఆ ఏడు నితాకత్, అంటే ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలన్న రూలు, గట్టిగా పట్టారు. కంపెనీ ఎరుపు జాబితాలో పడకుండా ఉండాలంటే సౌదీలను పెంచాలి, బయటివాళ్లను తగ్గించాలి. పైగా భార్యాపిల్లల మీద కట్టాల్సిన లెవీ పెరిగిందని మా చుట్టుపక్కల కుటుంబాలు ఒక్కొక్కటే సామాన్లు కట్టుకుంటున్నాయి. వడ్రంగుల్లో కొందరిని ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతామని ఫోర్‌మన్ చెప్పాడు. ఎవరి పని మీద మాట వస్తే వాళ్లు ముందు పోతారని కూడా చెప్పాడు. దేవన్న మామ అకామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే కార్డు, రంజాన్ తర్వాత అయిపోతుంది.

పోతే ఏమవుతుంది, ఇంటి దగ్గర ఉండొచ్చు కదా అని అమ్మ ఒకసారి అడిగింది.

"ఊళ్లె దర్వాజలు ఇప్పుడు దుకాణంల దొరుకుతున్నయి చెల్లె. ఇనుపయి. పోయి తెచ్చుకుని నిలవెట్టుడే. నేను ఇంటికాడ కూసోని ఏం జెయ్యాలె, టీవీ జూడాల్నా?"

ఇంకో రోజు పొద్దున్నే వచ్చి అమ్మను కొంచెం పసుపు అడిగాడు. కూరకేమో అనుకుని అమ్మ పొట్లం కట్టి ఇచ్చింది. కూరకు కాదని ఆయనే చెప్పాడు. ఫిద్దా అనే ఆమె పుట్టింటికి ఆ రోజు ద్వారబంధం నిలబెడుతున్నారట. పసుపు పెట్టకుండా నిలబెట్టడానికి చెయ్యి రావడం లేదట. అమ్మ గాభరాపడి పొట్లం వెనక్కిమ్మంది.

"యాడుండామో తెలుసునా అన్నా నీకు? ఎవురన్నా చూస్తే?"

"గడప కిందికేలి రాస్త. ఎవ్వలకు కనవడది."

నిజంగానే కనిపించలేదు. నేను బడికి పోతూ చూశాను. కొత్తగా నిలబెట్టిన చెక్క నున్నగా, గోధుమ రంగులో ఉంది, అంతే.

ఆయన లెక్కలోకి తీసుకోనిది సున్నం. ఆడవాళ్లు చూడడానికి వస్తారనగా ముందు రోజు, గోడలకు సున్నం కొట్టేవాళ్లు వచ్చారు. పలుచటి సున్నం నీళ్లు గోడ మీదుగా జారి గడప కిందికి చేరాయి. పసుపు, సున్నం కలిశాయి. తెల్లారేసరికి గడప అడుగు నుంచి లోపలి నేల దాకా ఎర్రటి చార పాకి, ఎండిపోయి ఉంది.

మేము తట్టతో వెళ్లేసరికి ఆడవాళ్లు లోపలే ఉన్నారు. ఆ పనికి, వీధివాళ్లకు మధ్య మాటలు నడిపే హనాన్ అనే ఆమె ఉంది. పిల్లలందరం ఆమెను అబ్లా అనేవాళ్లం. ఆ ఇంట్లో పుట్టిన ఫిద్దా కుర్చీలో కూర్చుని ఉంది. చాలా పెద్దామె, ఒక కంటికి చూపు లేదు. ఆమె కోడలు గడప దగ్గర నిలబడి, అబాయా అంచు పైకెత్తి పట్టుకుని, అది రక్తమని చెబుతోంది. ఎవరో ఏదో కోసి ఇక్కడ పోశారంది. తర్వాత ఇంకొక మాట అంది. సిహ్ర్. అంటే చేతబడి. ఆ దేశంలో ఆ మాట ఊరికే అనరు. అంటే పోలీసుల దాకా పోతుంది.

లోపల ఆడవాళ్లున్నారని ఫోర్‌మన్ వీధిలోనే ఆగి, ఏమైందని అడుగుతున్నాడు. ఎదురింట్లో చిత్రిక చప్పుడు ఆగిపోయింది.

నేను తట్ట కింద పెట్టి ఇంటికి పరుగెత్తి, పసుపు డబ్బా తెచ్చాను. మూల ఉన్న సున్నం బకెట్‌లో పుల్ల ముంచి సాసర్లో వేశాను. దాని మీద పసుపు వేసి, కోడలి ముందే కలిపాను. ఎర్రగా అయింది. వాళ్లు వంగి చూశారు. మా ఊళ్లో అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. వాళ్లు మాత్రం సాసరు ఒకరి చేతి నుంచి ఇంకొకరు తీసుకుని చూశారు.

రక్తం కాదని హనాన్ అబ్లా ఒప్పుకుంది. కానీ గడపకు పసుపు ఎలా వచ్చిందని నన్నే అడిగింది.

అమ్మ నా వెనక నుంచి తెలుగులో మెల్లగా అంది. "కూరకు తీస్కపోతా పారబోసుకున్న్యానని చెప్పు మే."

నాకు ఆ మాటకు అరబీ తోచలేదు. ఉన్నది చెప్పడానికే మాటలు సరిపోయేలా ఉన్నాయి. తలుపు నిలబెట్టిన ఆయన రాశాడని, మా దేశంలో కొత్త తలుపుకి రాస్తారని, ఆ ఇంట్లో ఉండేవాళ్లు బాగుండాలని రాస్తారని చెప్పాను. పేరు చెప్పలేదు. ఆ వీధిలో తలుపులు నిలబెట్టేది ఒక్కడే కాబట్టి చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

ఎవరిని మొక్కి రాశాడని కోడలు అడిగింది.

ఫిద్దా కుర్చీలోంచి లేచింది. కర్ర ఆనించి వచ్చి తలుపు మూసి తెరిచింది. మళ్లీ మూసింది. అది చప్పుడు చేయలేదు. తర్వాత నా చేతిలోని డబ్బా తీసుకుని వాసన చూసింది.

"మా నాన్న హిందూస్తాన్ ఓడల నుంచి ఇది దింపించేవాడు. బస్తాలు ఈ గడప మీదుగానే లోపలికి ఈడ్చేవాళ్లు. చిన్నప్పుడు మా అరికాళ్లు ఎప్పుడూ పసుపే. అమ్మ ఎంత రుద్దినా పోయేది కాదు." కోడలి వైపు తిరిగింది. "నేల కడిగించు. గడప జోలికి పోవద్దు."

అది ఆమెకు నిజంగా గుర్తున్నదో, అప్పుడే అనుకున్నదో నాకు తెలియదు. హనాన్ అబ్లా మాత్రం రాసుకుంది. ఈ తలుపు నాకు సరేనని, మిగతా ఇళ్లకూ ఇదే మనిషి చేయాలని ఫిద్దా వెళ్తూ వెళ్తూ చెప్పింది. హనాన్ అబ్లా వీధిలోకి వెళ్లి ఆ మాట ఫోర్‌మన్‌కు చెప్పింది. ఫోర్‌మన్ ఎదురింటి వైపు చూసి, తల ఊపి, తన దారిన పోయాడు.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను తిట్టింది. తను చెప్పమన్నదేంది, నేను చెప్పిందేంది అని అడిగింది. పసుపు డబ్బా ఆ రోజు నుంచి పై గూట్లో పెట్టింది. దేవన్న మామ మెట్ల మీద కూర్చుని, తన గురించి లోపల ఎవరేమన్నారో నా చేత మొదటి నుంచి చెప్పించుకున్నాడు. సిహ్ర్ అన్న చోట తల దించుకున్నాడు. తలుపు చప్పుడు చేయలేదన్న చోట ఇంకోసారి చెప్పమన్నాడు.

వీధిలో తలుపులన్నీ అయ్యేదాకా ఆయన్ను ఉంచుతామన్నారు. అకామా కొత్తది ఇచ్చారు. తలుపులు అయిపోతే ఆయన కూడా అయిపోతాడన్నమాట. నాయన ఆ సంగతి ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని చూశాడు.

"అన్నా, తొందర లేదంట వాళ్లకు. ఒక్కో తలుపుకు నెల పట్టినా అడిగేవాళ్లు ల్యా. నిదానంగా చెయ్‌రాదా?"

"చేస్తున్నగద భాయ్ నిదానంగనే."

"ఏడ చేస్తాండావు? నిన్న మొదులుపెట్టినావు, ఈ పొద్దు నిలబెట్టబోతాండావు."

దేవన్న మామ చిత్రిక ఆపి చెక్కను తడిమి చూశాడు. నిజమే అన్నట్టు చిత్రిక కింద పెట్టాడు. మధ్యాహ్నం దాకా ఉలి ముట్టనని, నీడన కూర్చుంటానని మాటిచ్చాడు. నాయన బండి తీసుకుని పోయాడు. నేను బడి నుంచి వచ్చేసరికి నాయన తిరిగొచ్చి ఉన్నాడు. నాలుగో ఇంటి ముందు ద్వారబంధం బిగించి, నిలబెట్టడానికి సిద్ధంగా పడుకోబెట్టి ఉంది.

"నువ్వు మనిషివి కాదు దేవన్నా," అన్నాడు నాయన.

"ఆ కొస వట్టుకో భాయ్," అన్నాడు ఆయన. "బరువున్నది."

నాయన చొక్కా చేతులు పైకి మడిచి ఆ కొస పట్టుకున్నాడు.