కొండబాబు కాసే ఎడమవైపు

టెలిగ్రాం వచ్చినప్పుడు తాయారు దండెం మీద మొగుడి మేజోళ్లు ఆరేస్తోంది. పెళ్లయి రెండు నెలలే. మేజోళ్లు ఆరేయడం కూడా ఆమెకి పండగలాగే ఉండేది. సంతకం పెట్టి, నిలబడ్డచోటే చదివేసింది. ఆమె మొగుడు జగన్నాధాన్ని జాతీయ ఫుట్‌బాల్ జట్టు శిబిరానికి పిలిచారు. పదకొండు రోజుల్లో హైదరాబాదులో ఉండాలి. బి.ఏ. చదివిన కొత్తకోడలు చెప్పులైనా వేసుకోకుండా రాజాం వీధుల్లో పరుగెత్తడం ఆ రోజు చాలామంది చూశారు.

జగన్నాధం హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. సాయంత్రం ఆట ఉందని మైదానంలో సున్నం గీతలు వేస్తున్నాడు. తాయారు అందించిన కాగితం రెండుసార్లు చదివాడు. మొహం వెలిగిపోయింది. కానీ ఆమె వైపు తిరగలేదు. తన ఎడమ పక్కకి తిరిగి, "ఇన్నావేటిరా, కొండా?" అన్నాడు.

అక్కడ ఎవరూ లేరు. ఎండ ఉంది, అంతే.

కొండబాబు ఎనిమిది నెలల కిందట కామెర్లతో పోయాడు. ఊరి జట్టులో అతను గోలుకి ఎడమవైపు కాసే లెఫ్ట్ బ్యాక్, జగన్నాధం మధ్యలో కాసే స్టాపర్. బూట్లు లేని రోజుల నుంచీ పక్కపక్కనే ఆడారు. అతను పోయాక జట్టంతా ఒక మాట అనుకుంది: సంవత్సరీకం అయ్యేదాకా ఆ జాగాలో ఇంకొకరు నిలబడకూడదు. అప్పటి నుంచీ పదిమందితోనే ఆడుతున్నారు. చిత్రం ఏమిటంటే, ఒక్క ఆటా ఓడలేదు.

కొండబాబు రాసిన నోటుబుక్కు ఒకటి జగన్నాధం ఇంట్లో ఉంది. రేడియో ముందు కూర్చుని, దేశం జట్టు ఆటలు విని, దాని బలాలూ లోపాలూ రాసుకున్నాడు. తాయారు ఫుట్‌బాల్ నేర్చుకున్నది అందులోనే. మొగుడు పక్కన చేరి ఒక్కో వాక్యం మీదా వేలు పెట్టి చదివించేవాడు. ఆమెకి సగం ధ్యాస ఆ వేలి మీదే ఉండేది. "నేల మీద పొట్టి పాసులేస్తే మనల్ని పట్టుకోవడం కష్టం. గాలిలో వచ్చిన బంతికి తడబడతాం. ఇక్కడ డెబ్బై నిమిషాల ఆట, పరాయి దేశంలో తొంభై. ఆఖరి ఇరవైలో ఊపిరి చాలదు." చివరి పేజీలో, వణికిన చేత్తో రాసినట్టు: "అన్నిటికంటే పెద్ద లోపం ఎడమవైపు. లెఫ్ట్ బ్యాక్ ముందుకెళ్తే వెనక తలుపు తీసినట్టే. స్టాపర్ పక్కకి జరిగి కాయడు."

ఆ సాయంత్రం ఆట శ్రీకాకుళం జట్టుతో. తాయారు గీత పక్కన బెంచీ మీద కూర్చుంది. మొదట్లో మురిసిపోతూ చూసింది. మొగుడు పరుగెత్తితే జుట్టు ఎగరడం, బంతిని తలతో కొట్టాక నుదుటి మీద గుండ్రంగా మట్టి. తరవాత ఒకటి కనిపించింది. మైదానమంతా బూట్లకి చెదిరి మట్టి తేలింది. ఎడమ మూల ఒక్కచోట మాత్రం గడ్డి పచ్చగా, ఏపుగా, ఎవరూ తొక్కనట్టు ఉంది.

ఆ మూలకి ఎదురుగా ఆడే అవతలి రైట్ అవుట్ అప్పలసూరికి బంతి అందింది. ముందంతా ఖాళీ, గోలు దాకా అడ్డమే లేదు. నాలుగడుగులు వేసి, ఎవరో ఎదురొచ్చినట్టు ఆగి, బంతి వెనక్కి ఇచ్చేశాడు. జగన్నాధం అటు చూడనైనా లేదు. చెయ్యెత్తి, "నీదేరా, కొండా!" అని కేకేశాడు. మరో మూడుసార్లు అదే జరిగింది.

విరామంలో తాయారు అప్పలసూరి దగ్గరకి వెళ్లింది.

"అన్నా, అటు అంత జాగా ఉన్నాది కదా, ఎందుకెళ్లవు?"

అతను తాగుతున్న నీళ్లగ్లాసు దించాడు. "కొండబాబు జాగా కదమ్మా అది. సచ్చిపోయినోడి మీంచి ఎల్లి గోలు కొడితే ఏటి మర్యాద? బొబ్బిలోళ్లూ ఎల్లరు, మేమూ ఎల్లం." గొంతు తగ్గించాడు. "ఓపాలి ఎల్లేన్లే. కాళ్లు బరువెక్కిపోనాయి. పక్కన ఎవులో ఆయాసపడతన్నట్టు ఇనిపించినాది. మరెల్లలేదు."

తాయారుకి అప్పుడు అర్థమైంది. ఎనిమిది నెలలుగా వీళ్లని గెలిపిస్తున్నది చుట్టుపక్కల ఊళ్ల మర్యాద! జగన్నాధానికి ఎడమవైపు జరిగే అలవాటే పోయింది. శిబిరంలో బెంగాలు ఆటగాళ్లకి కొండబాబు ఎవరో తెలియదు. మొదటి ఆటలోనే అటునుంచి దూసుకొస్తారు. దేశం జట్టుకి ఏ లోపం ఉందని పుస్తకంలో ఉందో, ఆ లోపాన్నే మోసుకుని వెళ్తున్నాడు తన మొగుడు. వెళ్లినంత తొందరగానూ తిరిగొచ్చేస్తాడు.

ఇంటికొచ్చాక దాచుకోలేక చెప్పేసింది. అన్నం కలుపుతున్న జగన్నాధం చెయ్యి ఆగిపోయింది.

"ఖాళీ అంటావేటి? ఆడున్నాడక్కడ."

"ఉన్నాడనే కదా బావా అందరూ ఆగిపోతన్నారు. హైదరాబాదులో ఎవరాగుతారు?"

"నేనటేపు ఎల్లి కాసేననుకో. ఆడు లేడని నా నోటితో నేనే సెప్పినట్టు కాదేటే?"

గాలి లేకపోయినా దీపం చిన్నదైనట్టు తాయారుకి అనిపించింది. వీధి గుమ్మంలో అలికిడైతే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కొండబాబు తల్లి కూర్మమ్మ. మంచి కబురు విని, బెల్లంముక్క పట్టుకుని వచ్చింది. ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో!

"ఏటిరా జగన్నా, నా కొడుకు జాగాలోకి ఎవులూ రావట్లేదేటి?"

"మర్యాదమ్మా."

"సాల్లే, నీ మర్యాద!" ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. "ఆడికి ఎదురొచ్చినోడంటేనే పేణం. మోకాలు సీరుకుపోతే నవ్వుకుంటా ఇంటికొచ్చీవోడు. ఎవులూ రాని మూల, ఎనిమిది నెల్లు, ఒంటిగా నిలబెట్టీసినార్రా ఆడిని?"

జగన్నాధం తల వంచుకున్నాడు. కన్నీళ్లు కంచంలో పడ్డాయి. చెయ్యి కడుక్కుని, బెల్లంముక్క అందుకుని, సగం విరిచి తాయారు చేతిలో పెట్టాడు.

"శ్రీకాకుళపోళ్లు ఈ రాత్రికి స్కూల్లోనే పడుకుంటన్నారు. రేపు తెల్లారగానే అప్పలసూరిని లేపి మైదానంలోకి తీసుకొస్తాను. వందసార్లయినా సరే, ఆ గడ్డి తొక్కుకుంటా రమ్మంటాను. నేనెల్లి కాస్తాను. తాయారూ, నువ్వూ రావాలి. నేను ఎడమకి జరగడంలో ఎక్కడ ఆలస్యమైనా, గీత పక్కనించి అరిచి సెప్పు."