వంకాయ ఊరేలోగా

వేడినీళ్ళు ముందు తన మోచేతి మీద పోసుకుని చూసుకుని, ఆ తర్వాతే మిత్సుయో ఫుసా మామ్మ భుజం మీద పోసింది. పసిపిల్లకి పోసినట్టు, కొంచెం కొంచెంగా. తొంభై దాటిన వీపు మీద ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. స్నానాలగది ఆవిరికి మిత్సుయో కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. నడుంనొప్పికి బిగించుకున్న బెల్టు తడిసి బరువెక్కింది.

"గట్టిగా రుద్దవే పిల్లా. నేనేం టోఫూ ముక్కనా, చితికిపోడానికి?"

"మొన్న గట్టిగా రుద్దితే ముల్లంగి తురుముతున్నావా అన్నారుగా."

"మొన్నటి మాట మొన్నే. ఇవాళ బయటికి వెళ్తున్నాను, శుభ్రంగా ఉండొద్దూ."

మామ్మ కొడుకు కజుమాసా కారు తెస్తున్నాడు. పెద్దాసుపత్రిలో గుండె పరీక్ష చేయించి సాయంత్రానికి తెచ్చి దింపుతాడని నిర్వాహకుడు సెకిగుచి పొద్దున్నే మిత్సుయోకి చెప్పాడు. "ఆవిడకి మీరే చెప్పండి. మీ మాటైతే వింటుంది" అని కూడా అన్నాడు.

మిత్సుయోకి యాభై దాటాయి. చదువు మధ్యలో మాని చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరింది. అది మూతపడ్డాక సముద్రం ఒడ్డునున్న ఈ వృద్ధుల నివాసంలో పనికి కుదిరింది. ఆమె గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఒక్కటి తప్ప. కూతురు చిన్నప్పుడు తోటి తల్లులంతా శిశువిహారం గుమ్మంలో పిల్లల చేతికి ఏ బొమ్మో ఇచ్చి, వెనకనుంచి జారుకునేవాళ్ళు. మిత్సుయోకి అది చేతకాలేదు. పిల్లకి ఎదురుగా కూర్చుని, "అమ్మ పనికి వెళ్తోంది, చీకటి పడ్డాకే వస్తుంది" అని చెప్పి, ఏడుపు వింటూనే నడిచిపోయేది. ఏడిస్తే ఏడ్చింది, వెనక్కి తిరిగి చూసేసరికి అమ్మ లేకపోవడం మాత్రం ఏ పిల్లకీ వద్దనుకునేది.

స్నానమయ్యాక మామ్మ రోజూలాగే గోడ పట్టుకుని వంటగది మూలకి నడిచింది. అక్కడ మూత ఉన్న ఎనామెల్ తొట్టి, నిండా ఉప్పేసి పులియబెట్టిన తవుడు. మామ్మకి అత్తగారి నుంచి వచ్చింది. దోసకాయో వంకాయో అందులో పాతిపెడితే ఊరుతుంది. తవుణ్ణి రోజూ చేత్తో అడుగుదాకా కలపాలి, ఎండాకాలమైతే రెండు పూటలా. లేకపోతే పైన తెల్లగా బూజు తేలుతుంది. ఈ నివాసానికి వచ్చిన రోజు మామ్మ మొగుడి ఫొటోని పెట్టెలో పడేసి, తొట్టిని మాత్రం ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. అందులో ఇంకెవరి చెయ్యీ పడనివ్వదు.

చెయ్యి మోచేతిదాకా దింపి కలిపింది. ఉప్పు రాసిన వంకాయ ఒకటి పాతింది. పైన చదును చేసి, అరచేత్తో తట్టి, చెయ్యి అలాగే ఉంచింది.

"ఒకవేళ ఆలస్యమైతే సాయంత్రం నువ్వు కలుపు."

తువ్వాలు పట్టుకున్న మిత్సుయో ఆగిపోయింది. "నేనా? నా చెయ్యి వేడి, పెడితే చెడిపోతుందని మీరేగా అన్నారు."

"వేడే. చన్నీళ్ళలో కడుక్కుని పెట్టు. మా అత్త చచ్చేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు. దానికంటే నేను నయం."

గదిలో బట్టలు తొడగబోతే అల్మారాలో ఒక్క పలచటి చొక్కా, ఒక్క లాగు ఉన్నాయి. జూన్‌లో వేసవి మొదలవగానే ఎవరైనా చలిబట్టలు దాచేసి వేసవివి తీస్తారు. పోయినవారం కజుమాసా వచ్చి చలిబట్టలన్నీ ఇంటికి పట్టుకెళ్ళాడు. మడతల మధ్య కర్పూరం బిళ్ళలు వేసి సర్ది ఇచ్చింది మిత్సుయోనే. వేసవివి తెస్తానన్నవాడు తేలేదు. మగవాడు కదా, మరిచిపోయుంటాడనుకుంది.

గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మామ్మకి బూట్లు తొడుగుతోంటే, మామ్మ వంగి ఆమె భుజం పట్టుకుంది.

"నిజం చెప్పు పిల్లా. వీడు నన్నెక్కడైనా వదిలేసి రాడు కదా?"

తీసుకెళ్ళడానికి వచ్చిన కజుమాసా పక్కనే నిలబడి కారు తాళాలు చూసుకుంటున్నాడు.

"పరీక్షకే మామ్మగారూ. వంకాయ ఊరేలోగా వచ్చేస్తారు. రాత్రి అన్నంలోకి నేనే కోసి పెడతాను."

"నువ్వన్నావంటే సరే."

కారెక్కి, "వెళ్ళొస్తా" అంది మామ్మ.

"వెళ్ళి రండి" అని మిత్సుయో తల వంచింది. కారు పైన్ చెట్ల మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

మధ్యాహ్నం భోజనాల పళ్ళేలు తీసుకుని వస్తూ చూస్తే మామ్మ గది తలుపు బార్లా తీసి ఉంది. పరుపు కిటికీ పక్కన ఎండలో నిలబెట్టారు. మొగుడి ఫొటో ఉండే చోట మేకు ఒక్కటే ఉంది. సెకిగుచి కర్టెన్ కోసం కిటికీ కొలుస్తున్నాడు.

"పరుపు ఎండకి పెట్టారేంటి? సాయంత్రం మామ్మగారు పడుకోవాలిగా."

సెకిగుచి టేపు చుట్టుకున్నాడు. "రారండీ. కొండల అవతల, కొడుకు ఊరి దగ్గర ఆసుపత్రిలో మంచం దొరికింది. ఇక అక్కడే."

"పరీక్ష అన్నారు."

"అనకపోతే కారెక్కేదా ఆవిడ?"

"నాకైనా చెప్పాల్సింది."

"చెప్తే మీ మొహంలో కనిపించేస్తుంది. మీకు అబద్ధం ఆడటం రాదు కదా. అందుకే మీ చేత చెప్పించాం." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

మిత్సుయో చేతిలోని పళ్ళేల్ని మంచం చట్రం మీద పెట్టి, మళ్ళీ తీసుకుంది. కర్పూరం వాసన ఇంకా వేళ్ళకే ఉన్నట్టనిపించింది. ఈపాటికి మామ్మ వెనక్కి తిరిగి చూసి ఉంటుంది.

వాన మొదలైంది. మిగతావాళ్ళకి మందులిచ్చింది, తడిసిన పక్కలు మార్చింది, ఒకాయన కాలిగోళ్ళు తీసింది. సాయంత్రం అన్నం ఉడికే వాసనకి వంటగదిలోకి వెళ్ళి, కుళాయి కింద చేతులు పెట్టి, వేళ్ళు కొయ్యబారేదాకా అలాగే నిలబడింది. చేతులు చొక్కాకి తుడుచుకుని తొట్టి మూత తీసింది.

కలిపితే చెరిగిపోతుంది. కలపకపోతే బూజు పడుతుంది.

తవుడు మీద మామ్మ అరచేతి అచ్చు పొద్దుటిలాగే ఉంది, చిటికెన వేలి వంకరతో సహా. ఆ గుంటలో కొద్దిగా నీరు ఊరింది.