పడవవాడికి మొక్కిన టెంకాయలు

మా అవ్వ నా కథలు వింటూ నిద్రపోతుంది. హెప్సిబా కథలు వింటూ నిద్రపోదు. నా కడుపుమంటకు కారణం ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే నాకూ కాస్త గౌరవంగా ఉండేది.

అసలు ఆ పిల్లకు అనిమే, అదే జపాన్ బొమ్మల సీరియళ్ళు, అలవాటు చేసిందే నేను. ఆదోనిలో ఒక కళ్ళద్దాల అంగట్లో ఇద్దరం పనిచేస్తాం. నేను కంప్యూటర్‌లో కంటి పవర్లు ఎక్కిస్తాను, తను ఫ్రేముల్లో అద్దాలు బిగిస్తుంది. హాలహర్వి పిల్ల. అమ్మా నాన్నా కూలికి పోతారు, తను ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉంటుంది. పనిలో చేరిన కొత్తలో నా ఫోన్‌లోకి తొంగిచూసి, "ఇవి పిల్లోళ్ళ బొమ్మలు గదక్కా" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండి, ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో కుక్కి, "నోరు మూసుకోని సూడు" అన్నాను. వారం తిరిగేసరికి అన్నం డబ్బా మూత తీయకముందే "అక్కా, ఫోన్ పెట్టు" అనడం మొదలుపెట్టింది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు.

నేను చూసిన ప్రతి సీరియల్ గురించీ సాయంత్రం ఎమ్మిగనూరులో బస్సు దిగి ఇంటికొచ్చాక అవ్వకు చెబుతాను. అవ్వ పేరు మహాదేవమ్మ. నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ ఉంటుంది. ఫోన్‌లో చూడమంటే "ఆ బొమ్మలు ఉరుకులాడతాంటే నాకు తల తిరుగుతాది మే" అంటుంది. అందుకని నోటితోనే చెప్పాలి. నేను ఊరికే కథ చెప్పి వదిలే రకం కాదు. మొదటి సగం బాగా తీశారనీ, రెండో సగం సాగదీశారనీ, సంగీతం ఎక్కడ ఎక్కువైందో, విలన్‌ను ఎందుకంత తెలివితక్కువవాణ్ణి చేశారో, అన్నీ విడమరిచి చివర్లో పదికి ఇన్ని మార్కులని కూడా వేస్తాను. అవ్వ ఊఁ కొడుతూ కొడుతూ ఆగిపోయేది. రాట్నమూ ఆగేది. కాసేపటికి గురక. పెద్ద ప్రాణం, అలసిపోయిందిలే అనుకునేదాన్ని.

రెండేళ్ళు అలాగే అనుకున్నాను. ఆ తర్వాత ఒక ఆదివారం హెప్సిబాను ఇంటికి పిలిచాను. కళ్ళల్లో నిప్పులు నేనే పోసుకున్నాను.

అప్పుడు మేము చూస్తున్నది ఒక పడవవాడి సీరియల్. ఏటి ఒడ్డున ఒక ఊరు. దాన్ని రోజుకు కొంచెం మంచు మింగేస్తుంటుంది. మంచు తాకినవాళ్ళు మిగలరు. ఊరికి ఉన్నది ఒక్క చిన్న పడవ, దాన్ని నడిపేవాడికి ఉన్నది ఒక్క చెయ్యి. ఒక ఎపిసోడ్‌కు ఒక మనిషిని అవతలి గట్టుకు చేరుస్తాడు. ఇరవై నాలుగు ఎపిసోడ్లు, ఇరవై నలుగురు మనుషులు. నేను అప్పటికే అవ్వకు సగం చెప్పేశాను, పదికి ఏడు మార్కులు కూడా వేశాను.

హెప్సిబా వచ్చి అవ్వ పక్కన చాప మీద కూర్చుంది. ఆదివారం పొద్దున చర్చిలో పిల్లలకు కథలు చెప్పే పిల్ల. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. పడవ ఏటి నడుమకు వచ్చిన చోట ఆగి అడిగింది.

"అవ్వా, ఒంటి చేత్తో అట్ల నడపొచ్చునా? నీకేమనిపిస్తాంది?"

అవ్వ రాట్నం వదిలేసింది. "ఏల నడపకూడదు? నేను ఈ ఊరికి పెండ్లికూతురుగా వచ్చింది పుట్టిలోనే. తుంగభద్ర నిండుగా పోతాండె. పుట్టి నడిపేటాయప్ప హుసేనప్ప అని, ఎడమ చెయ్యి మోచేతి కాడికి వంగిపోయింటాది. నేను బయపడి ఏడుస్తాంటే, 'నీళ్ళ తట్టు సూడగాకు తల్లీ, నా మొగం సూడు' అన్యాడు. గట్టెక్కిందాకా ఆయప్ప మొగమే సూసినా."

అరగంట చెప్పింది. బుట్టలాంటి ఆ గుండ్రటి పడవను ఎలా తిప్పుతారో, నీటి ఉరవడికి ఎలా ఎదురు పెడతారో, చేతులతో చూపించి మరీ చెప్పింది. నాకు ఇరవై నాలుగేళ్ళు. అవ్వ ఏరు దాటి కాపురానికి వచ్చిందని తెలుసు గానీ, హుసేనప్ప పేరు అదే వినడం. మా ఇంట్లో, మా మగ్గం పక్కన, మా అవ్వ నోటి నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఆ మాట రాబట్టింది. నాన్న కూడా మగ్గం మీద నాడె ఆపి విన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే తంతు. అవ్వ ఉగ్గాని, బజ్జీలు చేయించి పెట్టేది. "ఆ పిల్ల కారం తింటాదా?" అని నన్నే అడిగేది. వారమంతా నేను ఏదైనా చెప్పబోతే, "ఉండు మే, ఆదివారం ఇంటాలే" అనేది. మార్కులు వేసే నా నోటికి పని లేకుండా పోయింది.

ఇరవై మూడో ఎపిసోడ్ చివర పడవకు చిల్లి పడుతుంది. ఊళ్ళో ఇంకా మిగిలింది ఒక ముసలామె. హెప్సిబా సరిగ్గా అక్కడ ఆపేసి బస్సుకు లేచింది. అవ్వ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. "ఉరుకుంద ఈరన్నసామీ, ఆ ఒంటిచెయ్యోన్ని గట్టెక్కియ్యి నాయనా. ఐదు టెంకాయలు కొట్టుకుంటా." మేమిద్దరం అక్కడే ఉన్నాం, ఇద్దరం విన్నాం.

బుధవారం మధ్యాహ్నం ఆఖరి ఎపిసోడ్ చూశాం. చిల్లి పడిన పడవ ఒక్క మనిషి బరువునే మోస్తుంది. ముసలామెను పడవలో ఉంచి, తను నీళ్ళలోకి దిగి వెనక నుంచి నెడతాడు. పడవ గట్టుకు తగులుతుంది. వెనక ఎవరూ ఉండరు. హెప్సిబా కన్నీళ్ళు అన్నం డబ్బాలో పడ్డాయి.

"అవ్వకు ఎట్ల సెప్పేదక్కా?"

"కత సెప్పేదానివి నువ్వే గదా, నువ్వే సెప్పుకో" అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేతి సంచి ఇంకా కింద పెట్టలేదు, అవ్వ చెయ్యెత్తింది. "సూసినావేమో, నాకేం సెప్పగాకు. ఆదివారం ఆ పిల్ల నోట్నే ఇంటా."

నా నోరు ఆగలేదు. "ఆ పిల్ల వచ్చేదేమి, సెప్పేదేమి! వాడు సచ్చిపోతాడు. నీ టెంకాయలు నీకు మిగిలినాయి పో."

రాట్నం ఆగింది. పోగు తెగింది. అవ్వ తెగిన కొసలు వెతికి ముడివేసి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. నన్ను ఒక మాట అని ఉంటే తిరిగి నాలుగు అనడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆదివారం హెప్సిబా వచ్చింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఎదురుచూశాను. అది ఊరిస్తూ ఊరిస్తూ చావు దగ్గరికి వస్తుంది, అవ్వ "తెల్సులేమ్మా, ఉష సెప్పింది" అంటుంది, దాని మొహం చిన్నబోతుంది. నాకు కావలసింది అదే. అవ్వ మాత్రం బుగ్గన చెయ్యి పెట్టుకుని, ఏమీ తెలియనిదానిలా "అయ్యో, నీళ్ళల్లో దిగినాడా!" అంటోంది.

"దిగినాడవ్వా. పడవ గట్టుకు తగిలింది. ఎనక్కి తిరిగి సూస్తే మనిషి లేడు." హెప్సిబా ఆగింది. నా వైపు చూడలేదు. "అప్పుడు ఆ ముసలామె ఏం సేసిందంటే, తను కప్పుకున్న గుడ్డ ఇప్పి నీళ్ళల్లోకి ఇసిరింది. ఒంటి చేత్తో పట్టుకున్నాడు. లాగింది. బతికినాడవ్వా."

నేను నోరు తెరిచాను. అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

"ఈరన్నా, నా సామీ!" అని అవ్వ చేతులు జోడించింది. కళ్ళ వెంట నీళ్ళు పెట్టుకుంది. హెప్సిబా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఒకతె అబద్ధం చెప్పింది, ఇంకొకతె నమ్మినట్టు నటించింది. ఆ ఇంట్లో నిజం చెప్పినదాన్ని నేనొక్కదాన్నే. తల ఎత్తలేకపోయిందీ నేనే.

దాన్ని సాగనంపడానికి బస్‌స్టాండు దాకా పోయాను. "తప్పు సేసినానా అక్కా? నోరు రాలేదు నాకు. అవ్వకు నిజం సెప్పొద్దు" అంది హెప్సిబా.

"నేనేంటికి సెప్తాను" అన్నాను, బుధవారమే చెప్పేసినదాన్ని.

సోమవారం అంగడికి సెలవు పెట్టించి అవ్వ నన్ను ఉరుకుందకు తీసుకుపోయింది. సంచిలో ఐదు టెంకాయలు. గుడి ముందు చెప్పులు విడుస్తూ అడిగేశాను.

"సచ్చినోనికి టెంకాయలేందవ్వా?"

"ఆ పిల్ల బతికించింది గదా మే. నా కోసరం అంత కష్టపడి గట్టుకు లాగినాక, మొక్కు తీర్చకుంటే ఎట్ల?"

"నేను నిజం సెప్పినా గదా."

"సెప్పినావు. నా మింద కోపంతో సెప్పినావు." కోపం లేకుండా అంది.

"నేను కత సెప్పేటప్పుడు గూడా అట్లే నటిస్తావా?"

"నీకాడ నటనేంది? నిద్రొస్తే నిద్రపోతాను గదా."

దీనికి సంతోషించాలో ఏడవాలో తెలియక టెంకాయలు కొట్టాను.

తిరుగు బస్సులో కోసిగి దాటినాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు సెప్పు. వాడు నిజంగా ఎట్ల పోయినాడు?"

"మల్లా ఏంటికవ్వా?"

"నా పెండ్లైన ఏడే హుసేనప్ప ఏట్లో పోయినాడంట. అమ్మోళ్ళూరి నుంచి ఎవరొచ్చినా అడుగుతాంటి. కొత్త పెండ్లికూతురు బాధపడతాదని అందరూ 'బాగుండాడు, బాగుండాడు' అనిరి. ఏడాదికి తెలిసింది. ఎట్ల పోయినాడో ఎవరూ సెప్పలా. ఆ పిల్లను అడగలేను, నొచ్చుకుంటాది. నువ్వైతే సెప్తావు."

నేను మొదలుపెట్టాను. సంగీతం మాట ఎత్తలేదు, మార్కులు వేయలేదు. ముసలామె పడవ ఎక్కిన చోట ఆగి, "నీకేమనిపిస్తాందవ్వా?" అని అడిగాను. ఆ మాట హెప్సిబాది, దొంగిలించాననే అనుకోండి. అవ్వ చెప్పింది. మళ్ళీ నేను చెప్పాను. రాట్నం పక్కన ఒక్క మాటతో చంపినవాణ్ణి ఈసారి చంపడానికి నాకు ఎమ్మిగనూరు పొలిమేర దాకా పట్టింది.

అవ్వ నిద్రపోలేదు. చేతులు జోడించలేదు, మెటికలు విరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ కన్నీళ్ళలో హెప్సిబాకు వాటా లేదని నాకు సంతోషం కలిగింది. అవ్వ ఏడుస్తుంటే సంతోషపడిన మనవరాలు ఈ జిల్లాలో ఇంకెవరూ ఉండరు.

దిగేముందు కళ్ళు తుడుచుకుని, "ఇది ఆ పిల్లకు సెప్పగాకు మే" అంది.

"సెప్పను" అన్నాను. ఈసారి అబద్ధం కాదు.