పుత్తూరు కట్టు, పులికాట్ నీళ్ళు

కుడి మణికట్టు విరగకపోయి ఉంటే మునిరత్నమ్మ ఆ ఏడు కూడా మగ్గం వదిలి ఎక్కడికీ పోయేది కాదు.

నగరిలో చేనేత ఇల్లు వాళ్ళది. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద భర్త వరదయ్య, ఇంకోదాని మీద ఆమె. పెళ్ళయిన నాటినుంచీ పగలంతా ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని కూచోవడమే. చీర అంచులో హంసలు వెయ్యాలంటే మునిరత్నమ్మే వెయ్యాలని ఆ వీధిలో పేరు. తిరుమలకో, చుట్టాల పెళ్ళికో తప్ప, ఊరికే చూసి రావడానికని ఒక చోటికి పోవచ్చునన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

మార్గశిరంలో ఒక పొద్దున పెరట్లో పాచి మీద జారి పడింది. వరదయ్య ఆమెను బస్సెక్కించి పుత్తూరు తీసుకుపోయాడు. కట్టు కట్టే పెద్దాయన చెయ్యి తడిమి చూశాడు. మాటల్లో పెట్టి ఒక్క లాగు లాగాడు. ఆకు పసరు పూసి, వెదురు దబ్బలు పెట్టి, గుడ్డ బిగించి చుట్టాడు.

"ఈ చెయ్యి కదపొద్దు. మగ్గం మాట కొన్నాళ్ళు మరిసిపో" అన్నాడు.

వరదయ్య టీ తెస్తానని పోయాడు. మునిరత్నమ్మ బయట అరుగు మీద కూచుంది. పక్కనే ఒకామె, కాలికి కట్టు కట్టించుకున్న ముసలామెను గోడకు ఆనించి కూచోబెట్టి, ఈమె వంకే చూస్తూ ఉంది. మంచి చీర, మెడలో రెండు పేటల గొలుసు.

"నువ్వు మునిరత్నవు గదా" అంది ఆమె కాసేపటికి. "గడ్డం కింద ఆ మచ్చ సూసి అనుకుంటాండా. బడి గేటెక్కి నువ్వు పడినప్పుడు పక్కన నేనే ఉండాను."

మునిరత్నమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "పంకజాక్షీ?"

ఎనిమిదో తరగతి దాకా ఇద్దరూ ఒకే బెంచీ. ఆ తర్వాత పంకజాక్షిని శ్రీకాళహస్తిలో ఇత్తడి సామాన్ల కొట్టు వాళ్ళింటికి ఇచ్చారు. ఒక పూట ప్రయాణం దూరంలో ఉండి కూడా ఇరవై ఏళ్ళకు పైగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు అత్తగారి కాలు విరిగితే పుత్తూరు వచ్చింది.

"జ్ఞానాంబ గుర్తుండాదా నీకు?" అని అడిగింది పంకజాక్షి.

"లెక్కల అయ్యవారు బెత్తంతో కొడితే ఏడవకుండా నిలబడిందే, ఆమేనా?"

"ఆమే. సూళ్ళూరుపేట దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున టీచరుగా ఉండాది. అప్పుడప్పుడూ గుడికొచ్చి మా కొట్టుకొస్తాది. ఒకసారి వచ్చిపోండే అని పిలస్తానే ఉంటాది. ఆ నీళ్ళలోకి రాజహంసలు వస్తాయంట. లెక్కలేనన్ని."

"హంసలా?" అంది మునిరత్నమ్మ. "బతికుండే హంసలా?"

"బతికుండేవే."

"నేనేసే హంసను మా అత్త నేర్పించింది. ఆమెకు వాళ్ళత్త నేర్పించిందంట. మాలో ఎవురూ సూడలా పంకజాక్షీ."

వరదయ్య టీ గ్లాసులతో తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ప్రయాణం అనేసుకున్నారు. సంగతి విని ఆయన గ్లాసులు అరుగు మీద పెట్టాడు.

"విరిగిన చేత్తో ఊర్లు తిరిగేదేందమ్మా? అదీగాక, మాకు అంత తాహతు యాడుండాది?"

"నేను చెప్పేది వినన్నా" అంది పంకజాక్షి. "పోయినేడు మా తోడికోడలోళ్ళు టూరిస్టు బస్సులో యాత్ర పోయి, బస్సు చెడిపోయి, రోడ్డు పక్కన పడుకొని వచ్చినారు. నేనట్ల పోయేదాన్ని కాదు. మాఘంలో పోదాం, తుపాన్ల కాలం దాటిపోతాది. పగటి బస్సులే ఎక్కుదాం, పొద్దుండగానే దిగుదాం. లాడ్జీ లేదు, హోటలు లేదు. రాత్రికి ఒకచోట మా ఇల్లు, ఒకచోట జ్ఞానాంబ ఇల్లు. బియ్యం, పప్పు, పొడులు మనం ఎత్తకపోదాం. బస్సులో ఈమెకు కుడి పక్క కిటికీ సీటు. విరిగిన చెయ్యి కిటికీ వైపు ఉంటాది, ఇటు పక్క నేను కూసుంటా. ఎవురి భుజమూ తగలదు."

వరదయ్య గ్లాసులు మళ్ళీ తీసి ఇద్దరికీ అందించాడు. కిటికీ సీటు మాట ఆయనకు నచ్చినట్టుంది. ఇంటికి పోయిన కొన్నాళ్ళకు, మగ్గం మీద మిగిలిన పడుగుతో వెడల్పాటి పట్టీ ఒకటి నేసి తెచ్చి భార్య మెడలో వేశాడు. కట్టు కట్టిన చేతిని అందులో పెట్టి, ముడి సరిచేశాడు.

"ఇది తియ్యకుండా పోయిరా" అన్నాడు. అంతే.

మాఘంలో మునిరత్నమ్మ శ్రీకాళహస్తి చేరింది. ఆ రాత్రి పంకజాక్షి ఇంట్లో పడుకొని, పొద్దున్నే ఇద్దరూ నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట బస్సెక్కారు. పంకజాక్షి చెప్పినట్టే కుడి కిటికీ. తనకు తెలిసిన కొండలు వెనకబడి, నేల చదునై, తాటిచెట్లు మొదలయ్యేసరికి మునిరత్నమ్మ మాట్లాడటం మానేసి బయటికే చూస్తూ కూచుంది.

బస్టాండులో జ్ఞానాంబ నిలబడి ఉంది. జుట్టు చాలావరకు నెరిసింది. కానీ నిలబడే తీరు మారలేదు, అదే నిటారు. దగ్గరికొచ్చి, పట్టీలో ఉన్న మునిరత్నమ్మ చేతిని మెల్లగా తాకింది.

"నొప్పిగా ఉండాదా?"

"లేదు."

"నీ కోసం కాకపోయినా హంసల కోసం వచ్చిందిలే" అంది పంకజాక్షి. దాంతో ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఆగడానికి కాస్త సేపు పట్టింది.

జ్ఞానాంబది పెంకుటిల్లు, బడి పక్కనే. వంట చేసుకుంటూ తన సంగతి తనే చెప్పింది. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోయాడు. పుట్టింటివాళ్ళు వంటింట్లో కూచోమంటే, కూచోనని టీచరు ట్రైనింగుకు పోయింది. ఎవరూ రామన్న ఈ ఊరికి తనే అడిగి వచ్చింది.

"మొదట్లో దిగులుగా ఉండేది. తూర్పు దిక్కున రాకెట్లు వదిలే దీవి, ఈ పక్క ఉప్పు నేల, నడాన నేను. ఒక శీతాకాలం ఆ పక్షులు దిగినాయి. ఇంక బదిలీ అడగలా" అంది.

మునిరత్నమ్మ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఒకే గదిలో, ఒకే పలక మీద అక్షరాలు దిద్దిన మనిషి ఇంత దూరం ఒంటరిగా నడిచి వచ్చిందని ఇన్నేళ్ళూ తనకు తెలియనే తెలియదు.

తెల్లవారి పడవ ఎక్కే ముందు పంకజాక్షి పడవ అడుగంతా చేత్తో తడిమి చూసింది. మంచినీళ్ళు, పులిహోర, గొడుగు సర్దుకుంది. పడవ నడిపే ప్రేమానందం పిల్లలు జ్ఞానాంబ దగ్గరే చదువుకున్నారు.

"లోతెంత ఉంటాదప్పా?" అని అడిగింది పంకజాక్షి.

"మోకాలు దాటదమ్మా. మునగాలంటే పడుకోవాల" అన్నాడతను.

గెడ వేసి తోస్తూ అతను పడవను లోపలికి తీసుకుపోయాడు. నీళ్ళు, ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి. ఎక్కడ ఒకటి ఆగి ఇంకోటి మొదలవుతుందో తెలియలేదు. చాలా దూరాన ఒక తెల్లటి గీత కనిపించింది, ఉతికి ఆరేసిన పంచెల వరస లాగా.

"అవే" అంది జ్ఞానాంబ.

ఇంకాస్త పోయేలోపల పడమటి గాలి లేచింది. ఆ గాలికి నీళ్ళు తూర్పుకు జరిగిపోయాయి. పడవ అడుగు బురదకు తగిలి ఆగిపోయింది. ప్రేమానందం రెండు మూడు సార్లు తోసి చూసి, గెడ పడవలో పెట్టేశాడు.

"గాలి మళ్ళితే నీళ్ళొస్తాయి. అందాకా కూసోవాల్సిందే."

పంకజాక్షి మొహం పాలిపోయింది. "అన్నకు మాటిచ్చి తెచ్చినాను. అన్నీ అనుకున్నా, ఇది అనుకోలా" అంది.

"నాకేమైందే? కూసోనే గదా ఉండా" అంది మునిరత్నమ్మ.

పులిహోర తిన్నారు. బడి మాటలు కొన్ని చెప్పుకున్నారు. తర్వాత మాటలు అయిపోయాయి. ఎండ నీళ్ళ మీద పరుచుకుంది. ఎవరూ కదల్లేదు, పడవా కదల్లేదు. అప్పుడు జ్ఞానాంబ మెల్లగా మునిరత్నమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, కళ్ళతోనే అటు చూపించింది.

ఆ తెల్లటి గీత దగ్గరికి వస్తోంది. ఎగిరి కాదు, నడిచి. తలలు తిరగేసి నీళ్ళలో ముంచి మేస్తూ, ఒక్కో అడుగే వేస్తూ, వందలు వందలుగా వస్తున్నాయి. పడవను ఏదో పాత మొద్దు అనుకున్నాయేమో, దానికి రెండు పక్కలా చీలి, చుట్టూ నిండిపోయాయి. నిలబడితే మునిరత్నమ్మ రొమ్ముల దాకా వచ్చేంత ఎత్తు. సన్నటి కాళ్ళు, ఆ కాళ్ళంత పొడుగు మెడలు. మనుషులు పక్క గదిలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు ఒక గొణుగుడు.

"ఈడోళ్ళు వీటిని పూనారె అంటారు, అరవంలో పూల కొంగ" అని గుసగుసగా చెప్పాడు ప్రేమానందం.

మునిరత్నమ్మకు ఊపిరి తీసుకోవడానికి కూడా భయం వేసింది. తను వేసే హంసకు ఇంత మెడ లేదు, ఇంత నెమ్మది లేదు. ఒంటి రంగు మాత్రం చలవ చెయ్యని నూలు లాగా, కొంచెం గులాబీ తగిలిన తెలుపు. ఇదే వాటి అందం కాబోలు అనుకుంది.

ఎక్కడినుంచో ఒక గద్ద నీడ నీళ్ళ మీదుగా జారిపోయింది.

గుంపంతా ఒక్కసారిగా రెక్కలు విప్పి పరుగెత్తి లేచింది. రెక్కల లోపల ఎరుపు. కుంకుమ ఎరుపు, దాని చుట్టూ నల్లటి అంచు. ఇంతసేపూ తెల్లగా నిలబడినవన్నీ ఒక్క క్షణంలో మంట రంగుకు తిరిగాయి. కింద నీళ్ళూ ఎర్రబడ్డాయి. ఆ రెక్కల గాలి వాళ్ళ మొహాలకు తగిలింది. చప్పుడు వానలా పడవ మీదుగా పోయింది.

మునిరత్నమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. ఆకాశంలో ఆ ఎరుపు వంపు తిరిగి, సన్నబడి, తూర్పున కలిసిపోయేదాకా అట్లాగే నిలబడింది.

"రంగంతా లోపల పెట్టుకొని తిరగతాండాయి" అంది చివరికి, తనలో తాను.

పంకజాక్షి రెండు చేతులూ జోడించి ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. జ్ఞానాంబ ఇంకా తూర్పుకే చూస్తూ ఉంది.

"ఇన్నేళ్ళుగా సూస్తాండా. ఇంత దగ్గరగా నేనూ ఎప్పుడూ సూడలా."

మధ్యాహ్నం దాటాక గాలి మళ్ళింది. నీళ్ళు పడవ కిందికి మెల్లగా చేరాయి. బరువు తగ్గాలని జ్ఞానాంబ చీర ఎగ్గట్టి దిగింది. పంకజాక్షీ దిగింది. మునిరత్నమ్మ లేవబోతే ఇద్దరూ వద్దన్నారు.

"చెయ్యే గదా విరిగింది, కాళ్ళు బాగుండాయి" అంటూ ఆమె కూడా దిగింది. గుంటలో తొక్కీ తొక్కీ బండబారిన పాదాల కింద చల్లటి బురద మెత్తగా దిగింది. ఎడమ చెయ్యి పంకజాక్షి గట్టిగా పట్టుకుంది. పడవ కదిలాక కూడా ముగ్గురూ కొంతసేపు దాని వెంట నీళ్ళలోనే నడిచారు.

ఇంటికి వచ్చాక వరదయ్య ముందు చేతి కట్టు చూశాడు. తర్వాత అడిగాడు, "ఏం సూసినావు?"

ఆమె ఎడమ చేత్తో గాలిలో ఒక వంపు గీసింది. "చెప్పేదానికి రాదు. వచ్చే మాఘానికి నువ్వూ రా" అంది.

కట్టు విప్పాక చెయ్యి వంగడానికి కొంత కాలం పట్టింది. రోజూ నూనె రాసి, వేణ్ణీళ్ళు పోసి, మళ్ళీ మగ్గం ఎక్కింది. మరుసటి మాఘంలో ఆ ఇంట్లో రెండు మగ్గాలూ ఆగాయి. చావు, జ్వరం, పెళ్ళి, తిరుమల ఏదీ లేకుండా అవి ఆగడం అదే మొదలు. పంకజాక్షి వెదికి పట్టుకున్న ఇంకో క్లాస్‌మేటు మునిలక్ష్మి కూడా వాళ్ళతో వచ్చింది.

ఆసారి పడవ అవసరం కాలేదు. పక్షులు ఒడ్డుకు దగ్గరగానే దిగి ఉన్నాయి. అవి లేచినప్పుడు వరదయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. జ్ఞానాంబ భోజనానికి రమ్మని పిలిచింది. ఆయనకు వినపడలేదు. మళ్ళీ పిలిచింది. మునిరత్నమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపి, పోయి ఆయన పక్కన నిలబడింది.