స్పాస్కా నీడ పట్నం వెళ్ళిన రోజు

"స్పాస్కా, నీ నీడ మా కోళ్ళగూడు దగ్గర చతికిలబడింది. పిలుచుకో," అని గోడ మీంచి పక్కింటి బోన్కా కేకేసిందంటే, ఆ వారం బోన్కా కోళ్ళు బాగా గుడ్లు పెట్టాయని అర్థం. స్పాస్కాకు ఎవరి మీద అసూయ పుడితే ఆవిడ నీడ వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటుంది. అది అక్కడ విన్నదల్లా ఇక్కడ ఈవిడకూ వినిపిస్తుంది. రొడోపీ కొండల్లోని ఆ ఊరికి అది మామూలే. నీడ వాకిట్లో ఉంటే దాని చుట్టూ తిరిగి ఊడ్చుకునేవాళ్ళు.

ఊళ్ళో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా స్పాస్కా కషాయమే దిక్కు. నడివేసవిలో వచ్చే ఎన్యోవ్‌దెన్ పండగనాడు పొద్దు పొడవకముందే, మంచు ఆరకముందే కోసుకొచ్చి అటక మీద ఆరబెట్టే మూలికలు ఆవిడవి. వాటిని మందని ఎవరూ అనుకోరు. ఇంట్లో ఉప్పు ఉన్నట్టు అవీ ఉంటాయి.

చెల్లెలు వెలిచ్కాకు రొమ్ము క్యాన్సర్ వచ్చి పట్నంలో ఆపరేషన్ అయింది. అది మళ్ళీ తిరగబెట్టకుండా ఐదేళ్ళు రోజుకో హార్మోన్ మాత్ర వేసుకోమన్నారు. మాత్ర మొదలయ్యాక ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేదు, ఊరికే ఏడుపు. దిగులుకు మంచిదని స్పాస్కా పసుపు పూల కాంతారియోన్ మూలిక కాచి చలికాలం నుంచి రోజూ పోస్తోంది. చెల్లెలు బుద్ధిగా తాగేది, తాగి డాక్టరమ్మను పొగిడేది.

"మా రదేవా గారి చెయ్యి ఎంత మెత్తనో అక్కా. ఆ మాత్రే నన్ను బతికించింది."

"పొరుగింటి పుల్లకూర రుచి," అనేది స్పాస్కా. కడుపు భగ్గుమనేది. చిన్నప్పుడు దీనికి పొంగు పోసినప్పుడు పక్కన కూర్చుంది ఎవరు? ఆ మెత్తని చేతులావిడా?

ఈసారి వెలిచ్కా పట్నం బస్సెక్కితే నీడా ఎక్కింది. డ్రైవరు దానికి టికెట్టు కొట్టలేదు, సీటు మాత్రం ఇవ్వనన్నాడు.

అటక మీద మూలికలు తిరగేస్తున్న స్పాస్కాకు డాక్టరమ్మ గొంతు వినిపించింది. నిజంగానే మంచి గొంతు. దానికీ ఒళ్ళు మండింది.

"మాత్ర కాక ఇంకేమైనా తాగుతున్నావా అమ్మా? టీలు, కషాయాలు?"

"ఏమీ లేదండి," అంది వెలిచ్కా.

"పంపరపనస తినకు. కాంతారియోన్ అయితే అసలు ముట్టుకోకు. మాత్ర పని చెయ్యకముందే ఒంట్లో దాన్ని అరగదీసేస్తుంది. మందు వేసుకుంటున్నావన్న మాటే కానీ, వేసుకోనట్టే అవ్వచ్చు."

 స్పాస్కాకు ముందు కోపమే వచ్చింది. నా ఆకుకు వంక పెడుతుందా? ఆ తరువాత భయం వచ్చింది. చలికాలం నుంచి, రోజూ, తన చేత్తో.

సాయంత్రం వెలిచ్కా వచ్చింది, వెనకే నీడ. ఎప్పటిలాగే బల్ల దగ్గర కూర్చుని, పొయ్యి మీది గిన్నెలోంచి తనే కప్పులోకి వంచుకుంది.

"అది తాగొద్దందిగా ఆవిడ," అంది స్పాస్కా.

వెలిచ్కా నీడ వైపు చూసి తల దించుకుంది. "వచ్చిందని తెలుసు. అంతా విన్నావుగా, ఇవాళ మరోటి కాచావనుకున్నా."

"అదే కాచాను. నీ నోటితో నువ్వే వద్దంటావేమో చూద్దామని. ఆవిడతో ఎందుకు అబద్ధమాడావే?"

"నిజం చెబితే మానెయ్యమంటుంది. మానేస్తే నువ్వు నాతో మాట్లాడవు. రొమ్ము పోయింది, అక్క కూడా పోతే ఎలా?"

స్పాస్కా కప్పు లాక్కుని తొట్టిలో ఒలకబోసింది. గిన్నె కూడా. మంచినీళ్ళ గ్లాసు, మాత్ర తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. ఆ చిన్న తెల్ల బిళ్ళ మీద ఇప్పటికీ ఏడుపుగానే ఉంది. అయినా పెట్టింది. తరువాత డాక్టరమ్మకు ఫోన్ కలపమంది.

"నేను వెలిచ్కా అక్కనండి. అది అబద్ధం చెప్పింది. కాంతారియోన్ కాచి రోజూ తాగించింది నేనే. ఇప్పుడేం చెయ్యాలి?"

అవతల డాక్టరమ్మ కసరలేదు. నెమ్మదిగా ఏదో చెబుతూ పోయింది. స్పాస్కా మధ్యమధ్య "సరేనండి" అంది. ఆ మాట ఆవిడ నోట ఊళ్ళో ఎవరూ విని ఎరగరు.

"రేపే నిన్ను తీసుకురమ్మంది," అంది ఫోన్ పెట్టేసి. "ఈసారి నేనే వస్తాను."

వెలిచ్కా మాత్ర మింగింది.