రేడియో కూతురి ఈల

ఆ వీధిలో సెలూను నడిపేవాణ్ణి అందరూ రేడియో అంటారు. పొద్దున షట్టరు ఎత్తడంతో మొదలయ్యే మాట మళ్ళీ షట్టరు దించేదాకా ఆగదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చేతిపని మాత్రం నిక్కచ్చి. కత్తెర ఆడినంతసేపూ నోరు కూడా ఆడాలి, అంతే. ఎవరింట్లో కుళాయి కారుతోందో, ఎవరికి ప్రమోషను తప్పిపోయిందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో అన్నీ ఆ రెండు కుర్చీల దగ్గరే తెలుస్తాయి. వీటన్నిటికంటే ఎక్కువసార్లు ప్రసారమయ్యే వార్త ఒకటుంది. అది అతని కూతురు.

పిల్లకి పదేళ్ళు. పెన్సిలు చేతికిస్తే చివర కొరికి పిప్పి చేస్తుంది కాబట్టి ఇంట్లో ఉడత అంటారు. ఒక్కతే కూతురు. ఆ ఉడతకి దేని మీద మనసుందో కనిపెట్టి, దాన్ని పెంచి పోషించాలని రేడియోకి ప్రాణం కొట్టుకుపోతుంటుంది. ఇందులో తప్పేముంది అంటారా? ఏమీ లేదు. తప్పంతా అతని నోటిదే.

ఒక చలికాలం పొద్దున షాపు అద్దం మీద ఆవిరి పడితే ఉడత వేలితో పిల్లి బొమ్మ గీసింది. పిల్లి నిజంగానే పిల్లిలా ఉంది. రేడియో అదే రోజు రంగుల పెట్టె కొన్నాడు, కాగితం మీద అదే పిల్లిని మళ్ళీ వేయించాడు, దానికి ఫ్రేము కట్టించి అద్దం పక్కన తగిలించాడు. ఇంకేముంది, కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ "ఏమ్మా ఆర్టిస్టుగారూ, నా బొమ్మ ఎప్పుడు వేస్తావు?" అనేవాడే. ఒకాయన తన బట్టతల చూపించి, ఇది తేలిగ్గా వచ్చేస్తుంది, గుండ్రంగా చుట్టెయ్యి చాలు అన్నాడు. అందరూ నవ్వారు. ఉడత కూడా నవ్వింది. నెల తిరక్కుండా రంగుల పెట్టె మంచం కిందికి చేరింది.

తరవాత రాళ్ళు. బడినుంచి వస్తూ గీతలున్న రాయి కనపడితే జేబులో వేసుకునేది. రేడియో వడ్రంగితో అద్దాల పెట్టె చేయించి షాపులో పెట్టాడు, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. పాపం వాళ్ళూ ఊరుకోలేదు, ఇల్లు కట్టేచోట పడున్న కంకరంతా తెచ్చి పోశారు. "మీ అమ్మాయికి ఇవ్వు" అని ఒకాయన సిమెంటు పెచ్చు కూడా తెచ్చాడు. ఆ తరవాత పరుగు. బడికి ఆలస్యమై నాలుగు రోజులు పరిగెత్తిందో లేదో, బూట్లు వచ్చాయి, గడియారం వచ్చింది, గడ్డానికి సబ్బు నురగతోనే గుమ్మంలోకి వచ్చి "ఇవాళ నిన్నటికంటే నెమ్మది" అని తీర్పు చెప్పే పెద్దమనుషులు కూడా వచ్చారు. ఉడత నడవడం మొదలుపెట్టింది. అదీ తలొంచుకుని.

అంతటితో ఆ పిల్ల తండ్రి ఎదట దేని జోలికీ పోవడం మానేసింది. "ఏం చేస్తున్నావమ్మా?" అని గుమ్మంలో నుంచుని అడిగితే "ఏం లేదు నాన్నా" అంటుంది. చేతిలో ఉన్నది ఏదైనా సరే దిండు కిందికి పోతుంది. ఆ ఒక్క మాటకి రేడియోకి ప్రాణం ఉసూరుమంటుంది.

అతనికి ఈ ఆరాటం ఊరికే రాలేదు. రేడియో ఉడత అంత ఉన్నప్పుడే అతని తండ్రి అతన్ని ఇదే షాపులో స్టూలు ఎక్కించి చేతికి దువ్వెన ఇచ్చాడు. నీకేమిష్టంరా అని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు, షాపు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో, అద్దంలో తనని తానే ఆ ప్రశ్న అడిగి చూసుకుంటాడు. జవాబేదీ తట్టదు. ఏదో ఉండే ఉంటుంది, ఏమిటో మాత్రం ఎప్పటికీ తెలీదు. తన కూతురికి ఈ గతి పట్టకూడదని అతని పట్టుదల.

"దానికేమిష్టమో నీకు తెలుసు. నాకు చెప్పవు" అని భార్యతో తగువేసుకుంటాడు. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. ఎవరి జబ్బేమిటో తెలిసీ బయట మాటాడకపోవడం ఆ ఉద్యోగంలో అలవాటైపోయిన మనిషి.

"తెలుసుకుని ఏం చేస్తారు?" అంటుంది.

"ఏం చేస్తానేమిటి? ప్రోత్సహిస్తాను."

"అదే వద్దంటున్నా."

సెలూను తువ్వాళ్ళు రోజూ సాయంత్రం ఇంట్లోనే ఉతుకుతారు. డాబా మీద ఆరేసే పని ఆవిడది. ఒకరోజు ఆవిడ మణికట్టు బెణికింది. బరువెత్తలేనని తెలిసినా తానే పైకి వెళ్తానని పట్టుబట్టింది. రేడియో వింటేగా, బకెట్టు లాక్కుని మెట్లెక్కేశాడు. కింద ఆవిడ గుమ్మం పట్టుకుని అలాగే నుంచుండిపోయింది.

డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక పాత సామాన్ల గది ఒకటుంది. రేడియో మొదటి తువ్వాలు దులుపుతుండగా అందులోంచి ఈల వినిపించింది. కుర్రకారు వీధిలో వేసే ఈల కాదు. సన్నగా, నిలకడగా, ఒక పాట. ఏ పాటో పోల్చుకుందామని చూశాడు. సినిమాల్లోది కాదు, ఎక్కడా విన్నది కాదు. కొంతదూరం హాయిగా సాగి, పైకి ఎక్కాల్సిన చోట గాలి జారిపోతోంది. అప్పుడది వెనక్కొచ్చి, మొదట్నుంచి కాకుండా సగంనుంచి అందుకుని, మళ్ళీ అక్కడిదాకా వెళ్ళి మళ్ళీ జారిపోతోంది. విసుగులేదు, తొందరలేదు. తలుపు ముందు ఉడత చెప్పులున్నాయి.

తడి తువ్వాలు చేతిలో ఉండగానే రేడియోకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఏ పనైనా వాళ్ళ నాన్న చూస్తున్నాడా అని ఓరకంట కనిపెట్టుకునే పిల్ల, ఎవరూ వినరన్న ధైర్యంతో ఇంత తీరిగ్గా ఒక పాట కట్టుకుంటోంది. వెళ్ళి తలుపు తీసి ఎత్తుకుందామని కాళ్ళు లాగాయి. ఆ తలుపు తీస్తే ఏమవుతుందో ఎందుకో ఆ క్షణాన మొదటిసారి అతనికి తట్టింది. మిగిలిన తువ్వాళ్ళు చప్పుడు కాకుండా ఆరేసి, తన చెప్పులు చేత్తో పట్టుకుని దిగొచ్చాడు.

"విన్నారా?" అంది భార్య.

"విన్నాను."

"ఇంక రేపు షాపంతా ఈల పాటే కదా."

"చచ్చినా చెప్పను" అన్నాడు రేడియో. ఆవిడ నమ్మలేదు. అతనూ పూర్తిగా నమ్మలేదనుకోండి.

అయినా చెప్పలేదు. ఎంత కష్టపడ్డాడో పగవాడికి కూడా వద్దు. మాట నాలిక చివరిదాకా వస్తే దగ్గేవాడు, నీళ్ళు తాగేవాడు, నీళ్ళు చిమ్మే సీసా ఎత్తి కస్టమరు మొహమంతా తడిపేసేవాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగారు జనం. సాయంత్రం అయ్యేసరికి మాత్రం, భార్య మణికట్టు ఎప్పుడో బాగైపోయినా, బకెట్టు తనే పట్టుకుని ఉత్తకాళ్ళతో మెట్లెక్కేవాడు. తువ్వాలు తువ్వాలుకీ మధ్య ఎంతసేపు తాత్సారం చేయచ్చో అంతా చేసేవాడు. పాట అక్కడిదాకా వచ్చేది, జారేది. ఇవాళ దాటుతుంది, ఇవాళ దాటుతుంది అనుకుంటూ ఊపిరి బిగబట్టేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఊదే వాద్యాలు నేర్పే మాస్టారు. ఆయన దగ్గర సీటు దొరకాలంటే పెద్దవాళ్ళ సిఫార్సు కావాలని అంటారు. గడ్డానికి నురగ పట్టించి కత్తి ఆనించగానే ఆయనే మాటెత్తాడు.

"ఏం రేడియో, ఈమధ్య అమ్మాయి కబుర్లు లేవే. ఇప్పుడేం చేస్తోంది?"

చెబితే, ఈయన ఒక్కమాట అంటే, పిల్ల జీవితం ఎక్కడికో వెళ్ళిపోతుంది. పైగా ఊపిరి గురించి ఈయనకి తెలియందేముంది. గొంతుదాకా వచ్చిన మాటని బలవంతాన మింగాడు. మింగి ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోవడం వస్తే అతను రేడియో ఎందుకవుతాడు? ఆ ఖాళీలో ఏదో ఒకటి పోయాలి కదా, పోశాడు.

"మా ఉడతా? దానికేమీ లేదు మాస్టారూ. బొమ్మలన్నాం, రాళ్ళన్నాం, పరుగన్నాం. ఒక్కదాంట్లోనూ నిలవదు. ఉత్త మొద్దు. దేనిమీదా మనసు లేని పిల్ల" అని పెద్దగా నవ్వాడు.

నవ్వుతూ అద్దంలోకి చూశాడు. తన భుజం వెనక, గుమ్మంలో, బడి సంచీతో ఉడత నుంచుని ఉంది. ఇంటి తాళంచెవి కోసం వచ్చింది. అద్దంలోనే తండ్రి కళ్ళలోకి చూసింది. తరవాత మేకుకున్న తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది. చేతిలో కత్తి, కత్తి కింద మాస్టారి గొంతు. రేడియో కదల్లేకపోయాడు.

ఆ సాయంత్రం డాబా మీద ఈల లేదు. మర్నాడూ లేదు. రేడియో తువ్వాళ్ళు ఆరేసి, ఆరేసినవి మళ్ళీ తీసి, మళ్ళీ ఆరేసేవాడు. సామాన్ల గదికి గొళ్ళెం వేసే ఉండేది. వారం గడిచింది. ఉడత బడినుంచి రావడం, పుస్తకం ముందు పెట్టుకుని గోడకేసి చూడడం. అన్నాళ్ళూ మాట్లాడి చెడగొట్టాడు, ఈసారి మాట దాచబోయి చెడగొట్టాడు. ఆ పాట లేని డాబా మీద నుంచుంటే చేతికందిన బిడ్డ జారిపోయినట్టే అనిపించింది అతనికి.

"ఏమన్నారు దానితో?" అని నిలదీసింది భార్య. చెప్పాడు. ఆవిడ అరిచినా బాగుండేది. "మీరే వెళ్ళి చూసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఉడత డాబా మెట్ల మీద, సగంలో కూర్చుని ఉంది. రేడియో వెళ్ళి రెండు మెట్లు కింద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలీక తల గోక్కున్నాడు.

"షాపులో అన్నది అబద్ధం" అన్నాడు.

ఉడత మెట్టు మీద పెచ్చుని గోటితో గీకుతోంది.

"నేను విన్నానమ్మా. పైన."

గిరుక్కున తల తిప్పింది. "ఎప్పుడు?"

"అమ్మ చెయ్యి బెణికిన రోజు. తరవాత రోజూ. ఎవ్వరికీ చెప్పలేదు. తెలిస్తే మానేస్తావని భయమేసింది."

"మరి నన్ను మొద్దని ఎందుకన్నావు?"

"చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు తల్లీ. మాస్టారు అడిగేసరికి మాట బయటికొచ్చేస్తుందేమోనని, దాని బదులు ఇంకోటి వాగేశాను. నువ్వు వింటావనుకోలేదు. విన్నా వినకపోయినా అనకూడని మాట."

ఉడత మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. అతనివైపు చూడకుండా అడిగింది.

"బాగుందా?"

రేడియో దగ్గర మెచ్చుకోళ్ళకి కరువా? అమోఘం, అద్భుతం, ఇంత గొప్పగా ఎవరూ వేయలేరు, అన్నీ నోటి నిండా సిద్ధంగా ఉన్నాయి. పిల్లి బొమ్మకీ అవే అన్నాడు, రాళ్ళకీ అవే అన్నాడు. ఇప్పుడు ఒక్కటీ అనబుద్ధి కాలేదు.

"పైకి వెళ్ళేచోట గాలి జారిపోతుంది కదా" అన్నాడు నెమ్మదిగా. "అది దాటాక ఏమవుతుందో వినాలనుంది. ఎంతగా అనిపిస్తోందంటే, రాత్రి పడుకున్నా అదే."

ఉడత ఈసారి అతన్ని సూటిగా చూసింది. "దాటాక ఏమవుతుందో నాకూ తెలీదు నాన్నా. అక్కడిదాకే వచ్చింది."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు.

"మళ్ళీ వేస్తావా?" అని అడిగాడు.

"నువ్వు పైకి రానంటే వేస్తా. నువ్వు విన్నావని తెలిశాక, ఇంక నువ్వున్నావా లేవా అనే చూస్తూ ఉంటా."

రేడియోకి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా, అందులో అబద్ధం లేదు. "రాను" అన్నాడు. "అసలెప్పుడూ వద్దా?"

"వచ్చాక పిలుస్తా."

"ఎప్పుడొస్తుంది?"

"నాన్నా."

"సరే, అడగను. షాపులో ఎవరైనా అడిగితే ఏం చెప్పను మరి?"

ఉడత గోరు కొరుకుతూ ఆలోచించింది. "ఏమీ లేదని మాత్రం చెప్పకు. ఏదో ఉందని చెప్పు. ఏంటో చెప్పకు."

మాస్టారు మళ్ళీ గడ్డానికి వచ్చినప్పుడు రేడియో అంతే చెప్పాడు. "మొన్న తప్పు చెప్పాను మాస్టారూ. మా అమ్మాయికి ఏదో ఉంది."

"ఏమిటది?"

"ఉందండీ."

"అదే, ఏమిటయ్యా?"

రేడియో కత్తిని తోలుపట్టీకి రాసుకుంటూ నవ్వాడు, పెదవి విప్పలేదు. పక్క కుర్చీలో ఉన్నాయన పేపరు దించి మరీ చూశాడు. ఆ షాపులో అంత నిశ్శబ్దంగా గడ్డం ఎప్పుడూ దిగలేదు.

డాబా మీదికి తువ్వాళ్ళు మళ్ళీ భార్యే తీసుకెళ్తోంది. ఆ వేళకి రేడియో షాపు మూసుకుని వచ్చేసి, మెట్ల మొదట్లో నుంచుంటాడు. మధ్యలో ఒక స్లాబు అడ్డం, పైగా వీధి రొద. గాలి ఇటు తిరిగినప్పుడు ఎప్పుడైనా ఒక ముక్క వినిపిస్తుంది. ఆ జారే చోటు వచ్చేలోపే ఏ బండో వెళ్తుంది, పాట అందులో కలిసిపోతుంది. భార్య ఖాళీ బకెట్టుతో దిగుతుంటే ఆవిడ మొహంలోకి చూస్తాడు. దాటిందా అని అడగడు. ఆవిడా చెప్పదు. బకెట్టు అందుకుని లోపల పెట్టి వస్తాడు, వచ్చి మళ్ళీ అక్కడే నుంచుంటాడు.

ఉడత ఇంకా పిలవలేదు.