ఏడో నంబరు రక్తం

అక్టోబరు వచ్చిందంటే ఆ ఇంట్లో పొద్దున్నే అందరి నోట్లో ఒక చెంచా చేపనూనె పడాల్సిందే. పోసేది అత్తగారు ఓస్‌లౌగ్. ఈ ఏడు కోడలు సున్నివా మాత్రం నోరు తెరవలేదు. నూనే కాదు, చేప కూడా ముట్టడం లేదు. వండడం మాత్రం ఆమే వండుతోంది. ఫిబ్రవరి కాడ్ చేప వచ్చింది మొదలు ప్రతి ఆదివారం చేప ఒక గిన్నెలో, కాలేయం ఒక గిన్నెలో, గుడ్లు ఇంకో గిన్నెలో ఉడికించి బల్ల మీద పెట్టి, తను ఉడికిన బంగాళాదుంప ఒలుచుకుని తింటోంది.

"ఎందుకు తినవమ్మా? మావాడు పట్టిన చేప నీకంత చేదైపోయిందా?" అంది అత్తగారు.

"ప్రొఫెసర్ వద్దన్నాడటమ్మా. మొగుడు చెబితే మాత్రం ఎందుకూ అని అడుగుతుంది," అన్నాడు కొడుకు ఐవిన్, చేప గుడ్లు తన పళ్లెంలోకి లాక్కుంటూ.

నిజమే, ప్రొఫెసర్ స్టైనార్ వద్దన్నాడు. నార్వే ఉత్తర తీరాన ఉన్న ట్రోమ్సోలో చేప ఎక్కని రక్తం దొరకడం అంత తేలికా? అందుకే ఏడుగురితో నాలుగేసి నెలలు చేప మానిపించి, సంతకాలు పెట్టించాడు. ఏడో నంబరు సున్నివా. పద్దెనిమిదేళ్లుగా ఆయన ప్రయోగశాలలో కణాలను కడిగి, తిండి మార్చి, పెంచుతున్నదీ ఆవిడే. రక్తంలోని తెల్లకణాల్లో సగానికి చేపనూనెలోని కొవ్వు ఆమ్లాలు పెట్టాలి, సగానికి పెట్టకూడదు. తర్వాత సూక్ష్మక్రిమి ముక్కలతో రెండింటినీ రెచ్చగొట్టి, ఏది ఎంత మంట పుట్టిస్తుందో కొలవాలి. నూనె తిన్నవి తక్కువ రేగాలి. మొదటి ఆరుగురి కణాలూ తలకిందులుగా, నూనె తిన్నాకే ఎక్కువ రేగాయి.

సున్నివా ప్రయోగశాలలోని నూనె సీసా మూత తీసి వాసన చూసింది. "స్టైనార్, ఈ నూనె ముక్కవాసన వస్తోంది. పాడైన నూనె తనే కణాలను రేపుతుంది."

"ముక్కు సాక్ష్యం కాదు సున్నివా. ఎందుకంటున్నావో కొలిచి చెప్పు."

ఆ ముక్కు ఎక్కడిదో ఆయనకేం తెలుసు? ఒడ్డున సున్నివా వాళ్లమ్మ చేప కాలేయాలు కరిగించి నూనె తీస్తుంటే పక్కన కూర్చుని, ఏది నిలవదో చెప్పడం నేర్చిన ముక్కు అది. ఆ పనికి అమ్మనూ ఎవరూ పనిమంతురాలు అనలేదు. సున్నివాకు ఒళ్లు మండింది. కొత్త సీసా తెప్పించి, తన రక్తమే తీయించుకుని, శని ఆదివారాలు కూడా వెళ్లి కణాలను పెంచింది. "నీ కణాలకి సెలవుల్లేవా? మాకేం వండవా?" అని ఐవిన్ ఫోన్లో సణిగాడు. వండిపెట్టే వచ్చానంది. లెక్క తేలింది. కొత్త నూనె తిన్న కణాలు పుట్టించిన మంట సగమే. ఆ అంకెలు రాసుకుంటుంటే ఆమెకు తన సంగతి గుర్తొచ్చింది. కణాలకైనా చల్లబడడానికి మంచి నూనె కావాల్సొచ్చింది. తను పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా ఎవరూ చుక్క పొయ్యకుండానే, చల్లబడు చల్లబడు అంటే చల్లబడుతూ వచ్చింది. ఎక్కడికి వెళ్తున్నావ్, ఎందుకు తినవ్, ఎందుకంటున్నావ్ అన్న ప్రతివాళ్లకీ కారణం అప్పజెబుతూ వచ్చింది.

సోమవారం స్టైనార్ సంబరంగా వ్యాసం చూపించాడు. నూనె పాడైన సంగతి బయటపెట్టడమే అందులో ముఖ్యమైన భాగం. పైన నాలుగు పేర్లు. చిట్టచివర ఒక వాక్యం: చేతిసాయానికి సున్నివాకు కృతజ్ఞతలు.

"నా పేరు పైన లేదేం?"

"నీకు పేరెందుకు? నువ్వు సీసా మార్చావు, అంతేగా. ఎల్లుండి పంపించేస్తున్నాం."

సున్నివా తన బల్ల దగ్గరికి వెళ్లి సొరుగులోంచి రక్తం ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన ఒప్పందం కాగితాలు తీసింది. మిగతా ఆరుగురికీ ఆ ఒప్పందాన్ని పైకి చదివి వినిపించింది తనే, ప్రతి అక్షరమూ కంఠతా వచ్చు. ఏడో నంబరు కింద తప్పుకుంటున్నాను అని రాసి, సంతకం పెట్టి, తెచ్చి ఆయన ముందుంచింది.

స్టైనార్ రెండుసార్లు చదివాడు. "నీ కణాలు లేకపోతే ఇందులో ఏముంటుంది? ఎందుకిలా చేస్తున్నావ్?"

ఆమె కోటు తొడుక్కుంటూ, వేలితో ఆ కాగితం మూడో వరస చూపించింది. "గట్టిగా చదవండి. మీరు రాసిందే."

వ్యాసం పంపేలోపు ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. కారణం చెప్పనవసరం లేదు.